గోడ అవతలి జవాబు

శిక్షణలో మొదటి వారమంతా మాకు తలుపు కొట్టడమే నేర్పారు. ఒక్కసారి కొట్టాలి, మూడడుగులు వెనక్కి జరగాలి, లోపలి మనిషికి మన ముఖమూ చేతులూ కనబడేలా వెలుగులో నిలబడాలి. రెండో వారం నోటుబుక్కు రాయడం. ఏ ఇంటికి వెళ్ళాం, ఎవరున్నారు, ఏం చదివాం, వాళ్ళేమన్నారు. మాకు చెప్పే మేడమ్ గుంటూరు వైపు మనిషి. మోచేతుల దాకా జాకెట్టు, తెల్ల చీర, చేతిలో ఎప్పుడూ ఎర్ర ఇంకు పెన్ను.

"నీకేమనిపించిందో నాకొద్దమ్మాయ్. ఏం జరిగిందో రాయి. అనిపించినవన్నీ రాసుకుంటూ పోతే కథలకు పనికొస్తావు గానీ ఈ పనికి పనికిరావు" అనేది.

నిజామాబాద్‌లో మా లూథరన్ చర్చి వెనక రేకుల హాల్లో, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే ఆడవాళ్ళ కోసం ఏడాదిన్నర సాగిన ఆ శిక్షణలో నేను ముప్పయి నాలుగేళ్ళ వయసులో చేరాను. అంతకుముందు పదేళ్ళు ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చెప్పాను. మా అమ్మ బీడీలు చుట్టేది. నేను బడి మానేస్తున్నానని చెప్పిన రోజు చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించడం ఆపకుండానే అడిగింది.

"పంతులమ్మ నౌకరి ఇడిసిపెట్టి ఇంటింటికి తిరుగుతవా? నీకేం తక్కువైందే?"

ఏం తక్కువైందో నాకూ సరిగా తెలియదు. పరీక్ష కోసం పిల్లలు అప్పజెప్పే మాటలు వినీ వినీ, మనుషులు అక్కర కొద్దీ చెప్పుకునే మాటలు వినాలనిపించింది. అంతే.

లూథరన్ పద్ధతి నాకు కొత్త. అమ్మ మమ్మల్ని తీసుకెళ్ళిన సంఘం వేరు. అందుకే బైబిలు పది ఆజ్ఞల లెక్క దగ్గర తడబడేదాన్ని. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నది అమ్మ లెక్కలో తొమ్మిదోది, ఇక్కడ ఎనిమిదోది. ఇంకో సంగతి కూడా నాకు కొత్త. ఒక్కో ఆజ్ఞ చదివాక చెప్పేవాళ్ళు ఆగి, "ఇందుకర్థమేమి?" అని అడగాలి. వినేవాళ్ళు దాని అర్థం జవాబుగా చెప్పాలి. పాత గ్రాంథికంలో ఉండే ఆ జవాబులు పిల్లలకూ పెద్దలకూ కంఠతా రావాలి.

దసరా తర్వాత మాలో ఒక్కొక్కరికి ఒక చోటు ఇచ్చారు. నాకు వచ్చింది బోధన్ దాటాక వర్ని వైపు తోవలో, ఒకప్పటి చెరకు ఫారం క్వార్టర్లు. అక్కడ మా సంఘానికి మిగిలింది ఒక్క మనిషే. ఎనభై దాటిన అవ్వ. ఆమె భర్త ఉపదేశి. అంటే పాస్టరు రాలేని చోట ప్రార్థన నడిపి, పాఠం చెప్పే మనిషి. కాలువ నీళ్ళ కోసం కృష్ణా జిల్లా నుంచి రైతులు వచ్చి ఇక్కడ క్యాంపులు కట్టుకున్నప్పుడు, వాళ్ళ వెంట కూలికి వచ్చిన కుటుంబాల్లో వీళ్ళదొకటి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పక్క క్యాంపులోని ఒక రైతు ఇంటివాళ్ళు అవ్వకు రెండు పూటలా అన్నం పంపేవాళ్ళు.

"ప్రతి గురువారం వెళ్ళు" అంది మేడమ్. "ఆమెకు చూపు పోయింది. ప్రశ్నోత్తరాలు అడిగించుకోవడం ఇష్టం. ఆమెకు నువ్వు నేర్పేదేమీ లేదు. కూర్చుని నేర్చుకో."

ఆధార్ కార్డు చూపించి, బస్సులో ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని బోధన్‌లో దిగాను. అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆటో వదిలిపెట్టిన చోటు నుంచి మట్టి తోవ మీద పావుగంట నడక. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చాలామంది వరికి మళ్ళారు గానీ, క్వార్టర్ల చుట్టూ భూమిని కౌలుకు పట్టిన రైతు మాత్రం చెరకే వేశాడు. నా తలకు దాదాపు రెండింతల ఎత్తు. గాలి లేకపోయినా లోపలెక్కడో ఆకు ఆకుకు రాసుకునే చప్పుడు. నా పక్కనే మనిషి నడుస్తున్నట్టుంది. నేను ఆగితే అదీ ఆగింది. ఆ రోజు మూడుసార్లు ఆగి చూశాను. మూడుసార్లూ ఆగింది.

క్వార్టర్లు ఒకటే వరుస. పన్నెండు గదులు, ఒకే పెంకుల కప్పు, గదికీ గదికీ మధ్య ఒక్కటే గోడ. కొన్నింటికి తాళాలు, కొన్నింటికి అసలు తలుపులే లేవు. చివరి నుంచి రెండోది అవ్వ గది. ఆ చివరి గది తలుపు ముందు ఎండిన చెరకాకు మోకాలెత్తున పేరుకుంది.

అవ్వ తలుపు తెరిచే ఉంది. అయినా కొట్టాను, వెనక్కి జరిగాను.

"ఎవరమ్మా?"

"నిజామాబాద్ నుంచి వచ్చిన అవ్వా. చర్చి ట్రైనింగ్ నుంచి."

"రా తల్లీ. ఆ చివరి గోడకు ఆనుకుని కూర్చో. నాకు అటువైపు చెవే వినపడుద్ది."

సున్నం రాలిన గోడ. ఒక మేకుకు ఏ ఏడాదిదో క్యాలెండరు. గోడకు వీపు ఆనించి కూర్చుని పుస్తకం తెరిచాను. మొదటి ఆజ్ఞ చదివి, ఇందుకర్థమేమి అని అడిగాను. అవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలాగా మెడ నిటారుగా నిలిపి, ఒక్క ఊపిరిలో జవాబు చెప్పింది. ఆమె చివరి మాట ముగించిన క్షణం తర్వాత, నా వీపు వెనక ఇంకో గొంతు అదే మాట ముగించింది.

ఆడగొంతు. తగ్గు స్వరం. తొందర లేదు.

తిరిగి చూశాను. గోడ, మేకు, క్యాలెండరు.

"అవ్వా, పక్క గదిల ఎవరన్న ఉన్నరా?"

"ఎవరుంటారు? అది మూతబడి చాన్నాళ్ళయింది."

"మరి ఇప్పుడెవరో..."

"అదా?" అని అవ్వ నవ్వింది. "అది గోడమ్మా. దానికీ వచ్చు. నువ్వు కానివ్వు."

కానిచ్చాను. రెండుసార్లు అక్షరాలు తప్పాను. బస్సులో తిరిగి వస్తూ, ఖాళీ గదుల వరుస కదా, ప్రతిధ్వని అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. బోధన్ దాటకముందే ఆ మాట నిలవలేదు. అవ్వ కోస్తా మనిషి. "చేయవలెను" అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పలికింది. గోడలో గొంతు "సెయ్యవలెను" అంది. ప్రతిధ్వని మాటను తిరిగి ఇస్తుంది గానీ యాసను మార్చదు.

మూడో గురువారం నేను వెళ్ళేసరికి అవ్వ అప్పుడే అన్నం తిని ఉంది. పాఠం మధ్యలో కళ్ళు మూతలు పడ్డాయి. నేను చూసుకోలేదు. పుస్తకంలో రెండు కాగితాలు అంటుకుని ఉండటంతో ఏడో ఆజ్ఞ తర్వాత ఏకంగా తొమ్మిదోది చదివి, అర్థమేమి అని అడిగాను. జవాబు రాలేదు. తలెత్తి చూస్తే అవ్వ నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

"ఎనిమిదోది" అంది గోడ.

నేను కదల్లేదు. గోడ ఎనిమిదో ఆజ్ఞ మొత్తం చెప్పింది. తర్వాత దాని అర్థం చెప్పింది. పొరుగువాడి మీద అబద్ధం ఆడకూడదని, అతని పేరు చెడగొట్టకూడదని, అతని గురించి మంచే మాట్లాడాలని, ఆ పాత మాటల్లోనే, ఒక్క అక్షరం పోకుండా. ముందు చెప్పేవాళ్ళు లేరు. ఆ గొంతు ఒక్కటే చెప్పింది. చెప్పాక నేను తర్వాతిది అడగాలని ఎదురుచూస్తున్నట్టు మౌనంగా ఉంది.

లేచి బయటికి వచ్చాను. చివరి గది తాళం తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. తాళంచెవి పెట్టే కంతలో కందిరీగ మట్టిగూడు కట్టింది. ఒక్కసారి తలుపు కొట్టాను. మూడడుగులు వెనక్కి జరిగాను. మధ్యాహ్నం మూడు గంటల ఎండలో, చెప్పులు లేకుండా, చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

నోటుబుక్కులో జరిగింది జరిగినట్టు రాశాను. "అవ్వ నిద్రపోయింది. గోడ ఎనిమిదో ఆజ్ఞకు జవాబు చెప్పింది." మేడమ్ ఆ వాక్యం చుట్టూ ఎర్రగా సున్న చుట్టింది. నేను నవ్వులాటకు రాశాననుకుందేమోనని భయపడ్డాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"గోడ పలికిందని రాశావు. నువ్వు చూసిందేంటి?"

"గోడే, మేడమ్."

"గోడకు రెండో పక్క ఉంటుంది కదా? అది చూడకుండా రాశావు. వెళ్ళి చూసిరా."

తర్వాతి గురువారం అవ్వ దగ్గరికి వెళ్ళకముందే వరుస చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. వెనక గోడలకూ చెరకుకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. చివరి గది వెనక తలుపుకు గొళ్ళెం తీసి ఉంది. తోశాను.

ఖాళీ గది. మూలన తడి గోనెపట్టాలో చుట్టిన తునికాకు కట్ట, దాని పక్కన చాట, కత్తెర, దారపు ఉండ. అవ్వ గదికి ఆనుకుని ఉన్న గోడ మీద, మనిషి కింద కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, నల్లటి జిడ్డు మచ్చ. ఏళ్ళ తరబడి నూనె తల ఆనిస్తే పడే మచ్చ. మా ఇంట్లో అమ్మ కూర్చునే చోట అలాంటిదే ఉంది గనుక చూడగానే గుర్తుపట్టాను. ఇది అమ్మ మచ్చకు నాలుగింతలుంది. దాని కింద గచ్చు నున్నగా అరిగి మెరుస్తోంది.

వెనక చెరకులో చప్పుడైంది. ఈసారి నేను ఆగినా అది ఆగలేదు.

ఆకులు తప్పించుకుంటూ ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ కిందికి కట్టిన నేత చీర, నుదుట పెద్ద బొట్టు, చేతికి వేలాడుతూ టిఫిన్ డబ్బా. నన్ను చూసి తోవ మరిచిపోయిన దానిలా నిలబడిపోయింది.

"ఎవలు గావాలె?"

"నేను పక్క అవ్వ కాడికొస్త పెద్దమ్మా. చర్చి నుంచి."

"ఎర్కే. బేస్తవారం అస్తవ్. నీ గొంతు ఎర్కే." అని ఆమె పక్క గోడ వైపు చూసి మాట బాగా తగ్గించింది. "ముసలామెకు జెప్పకు. నేనీడ కూసుంటనని ఆమెకు ఎర్క లేదు."

ఇద్దరం సందులో, చెరకు నీడలో కూర్చున్నాం. ఆ రోజు అవ్వకు పాఠం గంట ఆలస్యమైంది.

ఆమె పదిహేనేళ్ళప్పుడు కోడలిగా ఆ చివరి గదికి వచ్చిందట. అత్త గడప దాటనిచ్చేది కాదు. భర్త ఫారం గోదాములో పని. పొద్దున్నుంచి ఆ గోడకు ఆనుకుని బీడీలు చుట్టేది. పక్కన ఉపదేశి రోజూ సాయంత్రం కూలివాళ్ళ పిల్లలను వరండాలో కూర్చోబెట్టి లాంతరు పెట్టి పాఠం చెప్పేవాడు. వినీ వినీ అంతా ఆమెకు నోటికి వచ్చేసింది. అక్షరం రాదు. పుస్తకం చూసింది లేదు.

"మా ఇంట్ల తిను అంటె తినుడు, పండు అంటె పండుడు. ఏ మాటకైన గిదేంది, దీని అర్థమేందని ఎవలడిగిండ్రు బిడ్డా? ఆ పక్క దినాం అడుగుదురు. నాకది మంచిగనిపించేది."

"దేవుని మాటలు కదా పెద్దమ్మా, అందుకే..."

"మా దేవుళ్ళు మాకున్నరు. నేను దేవుని కోసం రాను." ఆ మాట ఆమె కోపంగా అనలేదు. నా తప్పు సరిదిద్దినట్టు అంది.

ఫారం మూతపడ్డాక వాళ్ళు చెరకు అవతల ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. అత్త పోయింది, భర్త పోయాడు. కొడుకూ కోడలూ ఉన్నారు. అయినా ఆమె చెరకులోంచి నడిచి వచ్చి, వెనక తలుపు తీసుకుని, అదే చోట కూర్చుని బీడీలు చుడుతోంది. అవ్వ ఒంటరిగా ప్రశ్నా తనే, జవాబూ తనే చెప్పుకునే రోజుల్లో కూడా వచ్చేది.

"అవ్వతోటి ఎందుకు మాట్లాడవు?"

టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. తర్వాత చెప్పింది. ఆమె భర్త గోదాములో గ్యాసునూనె డబ్బాలు దొంగతనంగా అమ్ముకునేవాడు. పట్టుబడబోయే సమయానికి, ఉపదేశి లాంతర్ల కోసం తీసుకుపోయాడని చెప్పాడు. ఉపదేశిని ఒక పగలంతా ఆఫీసు ముందు నిలబెట్టారు. వరండాలో బడి ఆగిపోయింది. ఆయన మళ్ళీ బయటివాళ్ళకు పాఠం చెప్పలేదు. ఇంట్లో భార్యకు మాత్రం, గొంతు తగ్గించి, ఆ గోడ పక్కనే కూర్చుని చెప్పుకునేవాడు.

"నాకంత ఎర్కే. ఒక్క మాట జెప్తె అయిపోతుండె. నోరిప్పలే. ఆ పొద్దుగూకే యాళకు ఆయన ఆమెకు ఎనిమిదోది జెప్తుంటె, ఈడ నేను ఇంటున్న."

ముసలామెకు చెప్పవద్దని ఇంకోసారి మాట తీసుకుని లేచింది.

ఆ వారమంతా నేను గొప్ప సంతోషంతో ఉన్నాను. శిక్షణలో మాకు చెప్పే మాటలన్నీ ఆ గది కోసమే చెప్పినట్టు తోచింది. తర్వాతి గురువారం నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. అవ్వకు ఎదురుగా కాకుండా గోడకు ఎదురుగా కూర్చున్నాను. గొంతు పెంచి పశ్చాత్తాపం మీద ప్రసంగం చేశాను. దాచుకున్న పాపం గురించి చెప్పాను. "వెనక తలుపు నుంచి వచ్చేవాళ్ళకు ముందు తలుపు కూడా తెరిచే ఉంది" అన్నాను.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అంది అవ్వ.

గోడ అవతల ఏదో ఇనుప వస్తువు గచ్చు మీద పడిన చప్పుడైంది. కత్తెర అనుకుంటాను.

ఇదంతా నోటుబుక్కులో రాస్తే మేడమ్ చదివి పెన్ను మూత పెట్టేసింది. "దాచమని చెప్పిన మాటను గోడకు చెప్పొచ్చావు. ఈ పేజీకి నేను సంతకం పెట్టను" అంది.

తర్వాతి గురువారం భయపడుతూ వెళ్ళాను. పాఠం మొదలైంది. అవ్వ జవాబు చెప్పింది, గోడ వెనకే చెప్పింది. ఆ పై వారం కూడా అంతే. ఆమె నన్ను క్షమించిందని అనుకున్నాను. అయినా ఎదురుగా ఒక మాట చెప్పుకోవాలనిపించింది. "అవ్వా, నువ్వు నాలుగో ఆజ్ఞ నుంచి నీకు నువ్వే చెప్పుకుంటుండు, ఇప్పుడే వస్త" అని వెనక్కి వెళ్ళాను.

వెనక తలుపు గొళ్ళేనికి బయటి నుంచి తీగ చుట్టి ఉంది. తలుపుకూ చట్రానికీ మధ్య సాలెగూడు, దాని మీద చెరకు దుమ్ము. తీగ విప్పి లోపలికి వెళ్ళాను. చాట లేదు, తునికాకు లేదు. గచ్చు మీద పేరుకున్న దుమ్ములో నా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

అటు పక్క అవ్వ చెప్పుకోవడం వినబడుతోంది. ఆమె ముగించింది. క్షణం తర్వాత ఆ రెండో గొంతు ముగించింది, "సెయ్యవలెను" అని.

నేను గోడకు చెవి ఆనించాను. అవ్వ గదిలో కూర్చుని విన్నప్పుడు ఈ గదిలోంచి వచ్చిన గొంతు, ఈ గదిలో నిలబడి వింటే అవ్వ గదిలోంచి వస్తోంది.

అవ్వకు చెప్పి రావడం కూడా మరిచిపోయాను. చెరకులోంచే ఊళ్ళోకి నడిచాను. ఆకులు ముఖానికి కోసుకుంటున్నా ఆగలేదు, ఆగి వినే ధైర్యం లేకపోయింది. బీడీలు చుట్టే పెద్దామె ఇల్లెక్కడని అడిగితే ఒకరు చూపించారు. కోడలు వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"మా అత్త నవీపేటకు పోయి రేపటికి రెండు వారాలైతది. బిడ్డ కాన్పుకు" అంది.

"నడుమ రాలేదా?"

"ఎట్లొస్తది? పసిపిల్ల ఉండె గద."

అంటే నేను ప్రసంగం చేసిన మర్నాడే వెళ్ళింది. కోడలు తన ఫోన్‌లోంచి కలిపి ఇచ్చింది. నేను ముందు క్షమించమని అడిగాను. ఆమె "పోనియ్యి బిడ్డ" అంది. తర్వాత, గోడ ఇంకా పలుకుతోందని చెప్పాను. నువ్వే అనుకున్న పెద్దమ్మా అన్నాను.

అవతల పసిబిడ్డ ఏడుపు, ఎవరో ఊరుకోబెట్టడం వినబడింది. ఆమె పక్కకు వచ్చినట్టుంది.

"నేనెన్నడు పైకి పలుకలే" అంది. "పెదవులాడిస్త అంతె. గొంతు బయటికొస్తె అత్త కొడుతుండె, గట్లనే అలవాటైంది. నువ్వు జెప్పే రెండో గొంతు నేను గూడ ఇంటుంటి. ముసలామెనే రెండు మార్లు జెప్పుకుంటదనుకున్న."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ముసలామె ఒక్కతే ఉంటదా ఆడ?" అని అడిగింది.

"ఒక్కతే."

"నేనొస్త."

ఆ పై గురువారం ఆమె నాకంటే ముందే వచ్చి, మట్టి తోవ మొదట్లో నా కోసం నిలబడి ఉంది. నవీపేట నుంచి బోధన్ బస్సులో వచ్చిందట. ఇద్దరం ముందు వైపు నుంచే వెళ్ళాం. గడప దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. యాభై ఏళ్ళలో ఆ గడప ఎన్నడూ తొక్కలేదు.

"ఎవరమ్మా, ఇద్దరొచ్చారు?" అంది అవ్వ.

"పక్కింటిదాన్ని."

అవ్వ ముఖం ఆ గొంతు వైపు తిరిగింది. కనపడని కళ్ళతోనే ఆమెను పై నుంచి కింది దాకా చూసినట్టనిపించింది.

"కూర్చో" అంది చివరికి.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "గ్యాసునూనె మీ ఇంటాయన ముట్టలే. మా ఆయననే అమ్ముకున్నడు. నాకు ఎర్కుండి జెప్పలే."

"తెలుసమ్మా" అంది అవ్వ. "మీ ఆయన డబ్బాలు మోసేటప్పుడు కుడికాలు ఈడ్చేవాడు. ఆ చప్పుడు ఈ గోడలోంచి మాకూ వినపడేది. మా ఆయనకూ తెలుసు. చెప్పొద్దన్నాడు. నువ్వు చెప్పావనుకుని నిన్ను కొడతారని."

పెద్దామె అలాగే గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ చెయ్యి చాచి గాల్లో వెతికింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అవ్వే అంది, "అడగమ్మా. ఇవాళ్టిది అడగలేదుగా."

పుస్తకం తెరిస్తే ఏ పేజీ వచ్చిందో చెప్పనక్కరలేదు. అది నేను కావాలని తెరిచాను. చదివాను, అడిగాను. అవ్వ మొదలుపెట్టింది. పెద్దామె పెదవులు ఎప్పట్లా కదిలాయి. సగంలో గొంతు వచ్చింది. బొంగురుగా, వాడక లేని బావి గిలకలాగా. "సెయ్యవలెను" అని ఆమె, "చేయవలెను" అని అవ్వ, ఇద్దరూ కలిసి ముగించారు.

క్షణం తర్వాత గోడ ముగించింది.

పెద్దామె అవ్వ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె గోడ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"అది నా గొంతే" అంది. "వయసుల ఉన్నప్పటిది."

"నేనెప్పుడూ నువ్వే అనుకున్నానమ్మా" అంది అవ్వ, మామూలుగా. "లేకపోతే ఇన్నేళ్ళు ఇక్కడ ఒక్కదాన్నే ఉండేదాన్నా?"

ఆ రోజు నుంచి పెద్దామె అవ్వ దగ్గరే ఉండిపోయింది. పగలు బీడీలు చుట్టడం, అవ్వకు అన్నం తినిపించడం, తల దువ్వడం. కొడుకు వచ్చి గొడవ చేశాడు. "మనోళ్ళు ఏమనుకుంటరే?" అంటే, "ముసలామె ఒక్కతే ఉండె, భయమైతదని ఉన్న" అని చెప్పి పంపేసింది. భయం ఎవరికని అతను అడగలేదు. తర్వాత నేను వెళ్ళిన గురువారాల్లో గోడ ఒకసారి పలికింది, వరసగా మూడుసార్లు పలకలేదు, మళ్ళీ ఒకసారి పలికింది. అందులో ఏ నియమమూ నాకు దొరకలేదు.

శిక్షణ నివేదికలో ప్రతి చోటికీ "ఫలితము" అని ఒక గడి ఉంటుంది. ఎందరు విన్నారు, ఎందరు చేరారు అని. ఆ గడిలో ఏం రాయాలని మేడమ్‌ను అడిగాను. ఆమె నా నోటుబుక్కు మొదటి నుంచి చివరి దాకా ఇంకోసారి చదివింది.

"ఆమె బాప్తిస్మం అడిగిందా?"

"లేదు."

"అడుగుతుందనుకుంటున్నావా?"

"లేదు మేడమ్."

"అయితే ఖాళీగా వదిలెయ్యి. ఈ పుస్తకం మాత్రం జిల్లా మీటింగులో చదవకు." నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "నీ దగ్గరే పెట్టుకో, పారెయ్యకు" అంది.

చెరకు కొట్టే రోజుల్లో అవ్వ పోయింది. పొద్దున పెద్దామె కోడలి ఫోన్ నుంచి నాకు చెప్పింది. నేనూ పాస్టరయ్యా వెళ్ళేసరికి అవ్వకు స్నానం చేయించి, తెల్ల చీర కట్టి, తల దువ్వి పడుకోబెట్టి ఉంది. అదంతా ఆమె ఒక్కతే చేసింది. క్యాంపు సమాధుల దొడ్డిలో పాతిపెడుతుంటే మాత్రం లోపలికి రాలేదు. రోడ్డుకు అవతల తన ఊరి ఆడవాళ్ళతో కలిసి నిలబడింది.

వారం తర్వాత గది ఖాళీ చేయడానికి ఇద్దరమే వెళ్ళాం. అవ్వ మేనకోడలు కోస్తా నుంచి ఫోన్ చేసి, సామాను ఎవరికైనా ఇచ్చెయ్యమంది. నాలుగు స్టీలు గిన్నెలు, ఒక ట్రంకు పెట్టె, బొంత. పెద్దామె బొంత తీసుకుంది. చుట్టూ చెరకు కొట్టేసి, ఆకు కాల్చేశారు. వరుస గదులు నల్లటి నేల మధ్య బోడిగా నిలబడి ఉన్నాయి. ఎటు చూసినా చూపు దూరం దాకా పోతోంది, ఎక్కడా చప్పుడు లేదు.

బయటికి వచ్చేముందు అలవాటుగా ఒక ప్రార్థన చేద్దామని సంచీలోంచి పుస్తకం తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఈడ ఏమడుగకు బిడ్డ. చెప్పనీకె మనుషులు లేరు. ఎవలన్న జెప్తె నేను తట్టుకోలేను."

పుస్తకం లోపల పెట్టేశాను. తలుపు దగ్గరికి వేసి ఇద్దరం గబగబా రోడ్డు దాకా నడిచాం. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు నేను ఇందల్వాయి వైపు ఊళ్ళలో పనిచేస్తున్నాను. ఆదివారం బడి, ఇళ్ళకు వెళ్ళడం, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోవడం. పెద్దామె కొడుకు ఇంట్లోనే ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మొన్న నవీపేట మనవరాలి అంగన్‌వాడీ కాగితం కోడలితో ఫొటో తీయించి పంపి, అందులో ఏముందని అడిగింది. పిల్ల బరువు, పొడుగు, వేయించాల్సిన టీకా ఉన్నాయని చదివి చెప్పాను. టీకా ఏ రోగానికని అడిగింది. చెప్పాను. అది వేయించకపోతే ఏమవుతుందని అడిగింది. అదీ చెప్పాను.

"సరె, వేయిస్త" అని పెట్టేసింది.